సిద్ధప్ప షెడ్డులో మొదటి దెబ్బ

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పోయే రోడ్డులో, ఇళ్ళు అయిపోయి చేన్లు మొదలయ్యే చోట, సిద్ధప్ప షెడ్డు ఉంది. రాతి గోడలు, నాపరాళ్ళ కప్పు, ఇనుప రేకు తలుపు. లోపల మూడు గుంత మగ్గాలు. పొద్దు గూకినాంక ఆ పక్కకు ఎవరూ పోరు. అమావాస్యనాడైతే పగలు కూడా పోరు.

అమావాస్యకు నేతగాళ్ళు మగ్గం ముట్టరు. ఎంత పని ఉన్నా ఆ దినం సెలవే. సిద్ధప్ప మాత్రం ఒక అమావాస్యనాడు, ఎవరికో దుప్పట్లు తొందరగా కావాలని, ఒక్కడే పోయి గుంతలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడు. పొద్దున పోయి చూస్తే కాళ్ళు గుంతలోనే ఉన్నాయి, చెయ్యి మగ్గం మీదే ఉంది... ప్రాణం లేదు.

అప్పటినుంచీ అమావాస్య వస్తే ఆ షెడ్డులో మగ్గం దానంతటదే ఆడుతుందని పేరు.

ఆ మోత ఊర్లో విననివాడు లేడు. వినలేదని ఒప్పుకుంటే పరువు పోతుంది. ఆటో యేసేపైతే దెయ్యాన్ని కళ్ళారా చూసినానంటాడు — తెల్ల పంచె, చేతిలో మగ్గంలో దారం ఆడించే నాడె. ఆ రాత్రి యేసేపు ఏ దుకాణంలోంచి వస్తున్నాడో ఎవరూ అడగలేదు. ఉగ్గాని బజ్జీ అమ్మే ముత్తమ్మ ఇంకో అడుగు ముందుకు పోయింది. ప్రతి అమావాస్యకూ చీకటి పడకముందే ఇంటికి పోతా పోతా, ఆ తలుపుకు బయట గొళ్ళెం పెట్టి, సందులో ఒక నిమ్మకాయ దోపి పోతుంది.

"ఎందుకవ్వా?" అంటే,

"ఆయప్పను లోపలే ఉండనీ. రోడ్డు మీదికొస్తే నా బజ్జీలు ఎవురు కొంటారు?" అంటుంది.

దెయ్యానికి గొళ్ళెం అడ్డమా అని అడిగేంత ధైర్యం ఎవరికీ లేదు. అడిగితే మర్నాడు బజ్జీ చిన్నదవుతుంది.

ఈ ఏడాదిగా మాత్రం ఆ మోత మరీ ఎక్కువైంది. దానికి కారణం సిద్ధప్ప కాదు. మారుతి. ఆ సంగతి అప్పటికి మారుతికి తప్ప ఎవరికీ తెలియదు. తర్వాత తెలిసింది కూడా మారుతి చెప్పింది కొంత, ఆయన పెండ్లాం ఈశ్వరి సరిదిద్దింది ఎక్కువ.

మారుతికి బస్టాండు దగ్గర ఆంప్లిఫయర్లు, మిక్సీలు బాగుచేసే కొట్టు ఉంది. నేతగాళ్ళ ఇంట్లో పుట్టి మగ్గం నేర్వలేదు. దానికి బదులు ఒక పెట్టె తయారుచేసినాడు. దాన్ని సింథసైజర్ అంటారంట. మీటలు లేవు. అన్నీ రంధ్రాలు, రంధ్రం నుంచి రంధ్రానికి వైర్లు. వాళ్ళ మామ దాన్ని చూసి, "పిల్లను కరెంటాఫీసుకిచ్చినా" అని కోడుమూరంతా చెప్పుకున్నాడు.

ఆ పెట్టెలో పని ఇట్లుంటుంది. క్లాక్ అని ఒకటి ఉంది. అది ఆగకుండా టిక్కు టిక్కుమని దెబ్బలు పంపుతుంది. దాని పక్కన మూడు డివైడర్లు. ఒకటి రెండు దెబ్బలకొకసారి మోగుతుంది, ఒకటి మూడింటికి, ఒకటి ఎనిమిదింటికి. ఒక్కో డివైడర్ నుంచి వైరు పోయి, ఒక్కో మగ్గం చెక్కకు బిగించిన చిన్న సుత్తిని కొట్టిస్తుంది. మూడూ ఒకేసారి మొదలై, విడిపోయి, ఎవరి దారిన వాళ్ళు పోయి, మళ్ళీ ఒకచోట ధన్‌మని కలుస్తాయి. ఆ కలిసే దెబ్బ కోసమే మారుతి తిండి మానేసినాడు.

చిక్కల్లా క్లాక్ ఆపి మళ్ళీ మొదలుపెట్టినప్పుడే. ఏ డివైడర్ లెక్క ఎక్కడ ఆగిపోయిందో అది అక్కడినుంచే ఎత్తుకుంటుంది. ఒకటి ఐదు దగ్గరుంటే ఇంకోటి ఒకటి దగ్గరుంటుంది. అందుకే రీసెట్ అని ఒక బటన్ పెట్టినాడు. అది నొక్కితే మూడూ పాత లెక్క మరిచిపోయి, వచ్చేదే మొదటి దెబ్బ అనుకోవాలి. కానీ ఆ మాట క్లాక్ దెబ్బ కంటే వెంట్రుకవాసి ముందు చేరాలి. ఏదైనా ఒకదానికి ఆలస్యంగా చేరిందంటే అది ఒక దెబ్బ వెనకబడుతుంది. రెండుదీ ఎనిమిదిదీ ఒక్క దెబ్బ ఎడమైనాయంటే ఇక జన్మలో కలవవు. ఎంతసేపు వాయించినా ఒకటి పడినప్పుడు ఇంకోటి పడదు.

మారుతికి నెలల తరబడి అదే జరుగుతోంది.

మగ్గం చెక్క మోత కావాలి కాబట్టి సిద్ధప్ప షెడ్డు. అమావాస్యకు చుట్టుపక్కల మగ్గాలు ఆగిపోతాయి కాబట్టి అమావాస్య. పక్క చేను ఓబన్నది. మారుతి ఆయన బోరు మోటారు స్టార్టర్ పెట్టెలోంచే షెడ్డుకు వైరు లాక్కున్నాడు. చేన్ల కరెంటు ఉచితమే గదా, ఓబన్నకు చెప్పడం ఎందుకులే అనుకున్నాడు. ఇక దెయ్యం సంగతి — దాన్ని మారుతి కాదనలేదు. టీ కొట్టు దగ్గర, "నేనూ విన్నానప్పా... ఒళ్ళు జలదరించింది" అని రెండు మాటలు కలిపి వదిలినాడు. ఇక షెడ్డు చుట్టుపక్కలకు కుక్క కూడా రాలేదు.

ఈ మధ్య ఒక అమావాస్య రాత్రికి మారుతి బెంగళూరు బస్సెక్కాల. మర్నాడు ఒక హాల్లో, వాళ్ళే తెప్పించిన మూడు మగ్గాల మీద ఆయన కచేరీ. మగ్గాల మోత వింటామని వాళ్ళు ఒప్పుకోవడానికే రెండేండ్లు పట్టింది. టైముకు రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామని ముందే చెప్పినారు. ఈశ్వరి కోడుమూరులో పుట్టింటి వాళ్ళందరికీ ఫోన్లు చేసి, "మా ఆయన స్టేజీ ఎక్కుతాండాడు" అని చెప్పేసింది. ఇక వెనక్కు తగ్గే దారి లేదు.

రీసెట్‌ను ఆఖరుసారి సరిచేద్దామని మారుతి ఈసారి మధ్యాహ్నమే షెడ్డుకు పోయినాడు. బండిని వెనక కంపచెట్లలో దాచినాడు. ఫోన్ దగ్గరుంటే స్పీకర్లో గుర్రుమంటుందని దాన్ని బండి ట్యాంకు కవర్లో పెట్టినాడు. సుత్తులు ఆపి, హెడ్‌ఫోన్ పెట్టుకొని, గుంతలో దిగి కూర్చున్నాడు.

ముత్తమ్మ వచ్చింది ఎప్పుడో, గొళ్ళెం పెట్టింది ఎప్పుడో... వినపడలేదు.

హెడ్‌ఫోన్ తీసేసరికి చీకటి. పెట్టె మీది ఎర్ర లైట్లు తప్ప ఏమీ కనపడలేదు. తడుముకుంటూ పోయి తలుపు తోసినాడు. కదల్లేదు. భుజంతో తోసినాడు. బయట గొళ్ళెం కిర్రుమంది, అంతే.

సందులో చెయ్యి పెడితే వేలికి నిమ్మకాయ తగిలింది.

మొదట నవ్వొచ్చింది. దెయ్యాన్ని కట్టేసే ఊర్లో పుట్టినాను గదా అనుకున్నాడు. అంతలో వెనక కంపచెట్లలోంచి ఫోన్ మోగింది. ఈశ్వరిదే. ఆమెకు వేరే రింగు పెట్టినాడు. చానాసేపు మోగి ఆగింది. మళ్ళీ మోగింది... మళ్ళీ ఆగింది. ఈసారి నవ్వు రాలేదు. ఆయన షెడ్డులో ఉన్నాడని ఈశ్వరికి తెలియదు. కొట్టులో ఉన్నానని చెప్పినాడు.

కిటికీ అరచెయ్యంత, దానికీ ఇనుప కమ్మీలు. పైన నాపరాళ్ళు. నేల కింద గుంతలు. ఇంతకాలం ఆ షెడ్డు పెద్దదిగా కనపడేది. ఇప్పుడు గోడలు దగ్గరికొచ్చినట్టుంది.

రోడ్డు మీద ఆటో చప్పుడైంది. యేసేపుదే. ఆ సైలెన్సర్ దగ్గు ఎవరైనా గుర్తుపడతారు.

"అన్నా... తలుపు తియ్యన్నా!"

ఆటో నెమ్మదించింది.

"యేసేపన్నా! నేను... లోపల ఇరుక్కున్యా!"

పేరుపెట్టి పిలవడం మారుతి చేసిన తప్పు. రాత్రిపూట దెయ్యాలే పేరుపెట్టి పిలుస్తాయని పసిపిల్లకు కూడా తెలుసు. ఆటో ఒక్క ఊపున దూకింది. లైటు కూడా ఆర్పేసి పోయినాడు — దెయ్యానికి బండి నంబరు కనపడకూడదని కాబోలు.

మారుతి ఇంకా రెండుసార్లు అరిచినాడు. గొంతు చాలకపోతే సుత్తులున్నాయి గదా అని వాటికి వైర్లు పెట్టి, మోత పెంచి, క్లాక్ ఆన్ చేసినాడు. తొందరలో రీసెట్ నొక్కలేదు. టక్... టక్‌టక్... డబ్... టక్... మూడు మగ్గాలూ మూడు దారులు పట్టినాయి.

దూరంగా ఎవరిదో ఇంటి తలుపు ధబీమని మూసుకుంది. ఇంకో తలుపు. ఇంకోటి.

అప్పుడు అర్థమైంది. ఈ మోత వింటే పారిపోవాలని ఏడాదిగా ఊరికి నేర్పింది తనే. అరిస్తే దెయ్యం. కొడితే దెయ్యం. ఊరకుంటే బస్సు పోతుంది.

మారుతి మగ్గం పక్కన చతికిలబడినాడు. టక్... డబ్... టక్‌టక్...

ధన్!

మూడూ ఒక్కసారే కొట్టినాయి.

కలవాల్సిన చోటు కాదు అది. ఆ వరసలో అవి కలవనే కలవవు. మారుతి పెట్టె వైపు చూసినాడు. మూడు డివైడర్ల లైట్లూ మొదటికొచ్చి, అక్కడినుంచి వరసగా నడుస్తున్నాయి. రీసెట్ అయింది.

తను నొక్కలేదు.

చెయ్యి చాపి, కావాలనే క్లాక్ నుంచి ఎనిమిదిదానికి పోయే వైరు పీకి, ఒక దెబ్బ పోనిచ్చి మళ్ళీ పెట్టినాడు. మోత చెడింది. టక్... డబ్... టక్...

కాసేపే.

ధన్! మళ్ళీ మొదటినుంచి.

చిన్నప్పుడు నాయన వెంట వచ్చి ఇదే షెడ్డులో ఆడుకున్నాడు. పొద్దున మూడు మగ్గాలూ ఒకేసారి మొదలుపెట్టించేవాడు సిద్ధప్ప. ఎవరి దెబ్బ తడబడినా అందరినీ ఆపి, గట్టిగా కూడా కాదు, మెల్లగా ఒకటే మాట అనేవాడు — "మొదట్నుంచి రాండ్రి."

మారుతి మెడ మీద వెంట్రుకలు లేచినాయి. గుంతల వైపు చూడబుద్ధి కాలేదు. చూడకుండా ఉండబుద్ధీ కాలేదు.

అయినా రిపేరు చేసేవాడి బుద్ధి ఎక్కడికి పోతుంది? కాసేపటికి అది లేచి కూర్చుంది. కరెంటు ఒక్క క్షణం తగ్గితే డివైడర్లు లెక్క మరిచిపోతాయి. పెద్ద మోటారు స్టార్ట్ అయినప్పుడు కరెంటు తగ్గుతుంది. వైరు ఎవరి స్టార్టర్ లోంచి వచ్చింది? ఓబన్నది. అంటే ఓబన్న చేన్లో ఉన్నాడు. నీళ్ళు కడుతున్నాడు. మోటారు వేస్తున్నాడు, ఆర్పుతున్నాడు.

మారుతికి ఏడుపొచ్చినంత పనైంది. దెయ్యం కాదు — ఓబన్న!

"ఓబన్నా! ఓ ఓబన్నా!"



ధన్!

"ఇన్నావా అన్నా? ఇంగోసారి ఎయ్యి!"

ధన్!

అడిగిన వెంటనే పడింది. అయినా మనిషి రాలేదు. చలికి చెవులకు టవలు చుట్టుకొని ఉంటాడు అనుకున్నాడు. దెయ్యమనుకొని మోటారు గుడిసెలో నక్కినాడేమో అని కూడా అనుకున్నాడు. ఓబన్నను రప్పించేది ఏముంది? దేవుడి పేరు చెబితే రాడు. చుట్టం చచ్చిపోయినాడన్నా ముద్ద దిగినాంకే లేస్తాడు. ఓబన్న పరుగెత్తింది చూసినవాళ్ళు ఊర్లో ఒక్కసారే చూసినారు. పోయినేడు చేన్ల దగ్గర మోటారు కేబుళ్ళు దొంగలు కోసుకుపోయినప్పుడు.

మారుతి లేచి స్పానర్ అందుకున్నాడు. ఇనుప తలుపును ధన ధన కొడుతూ బొంగురు గొంతుతో అరిచినాడు —

"లేయ్! ఓబన్న కేబులు కొయ్యిరా! తొందరగా!"

మళ్ళీ తనే సన్న గొంతుతో —

"స్టార్టర్ పెరికేసినానన్నా! ట్రాన్స్‌ఫార్మర్ కాడికి పోతాండాను!"

దెయ్యమంటే తలుపులేసుకున్న ఊరు, దొంగలంటే కట్టెలెత్తుకొని వచ్చింది. టార్చీలు, కేకలు, కుక్కలు. అందరికంటే ముందు ఓబన్న, లుంగీ పైకి కట్టి.

"యాడరా? యాడుండారు నా కొడుకులు?"

"ఈడ! షెడ్డులో! గొళ్ళెం తియ్యండి!"

దొంగే తలుపు తియ్యమంటున్నాడేంటని ఎవరికీ అనుమానం రాలేదు. గొళ్ళెం తీసినారు. తీసిన వెంటనే ఒక కట్టె భుజం మీద పడింది. అది ఎవరిదో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోలేదు.

"ఆపండప్పా! నేను... మారుతిని!"

టార్చీలన్నీ మొహం మీద పడినాయి.

"మిక్సీల మారుతి గదా?" అన్నాడు ఓబన్న. "నువ్వెప్పటి సంది కేబులు దొంగవైతివి?"

వెనకనుంచి ముత్తమ్మ తోసుకొచ్చింది. "నా నిమ్మకాయ తొక్కిందెవుడు?"

"అవ్వా, లోపల నేనుండాను, నువ్వు గొళ్ళెం పెట్టి పోయినావు!"

"ఉండానని అరిసి సావాల్సింది. ఉలుకు లేదు పలుకు లేదు. అంటే... ఏడాది సంది ఆడ మోగించేది నువ్వేనా?"

మారుతి తల దించుకున్నాడు. "నేనే అవ్వా."

 ఉన్న ఒక్క దెయ్యం కూడా పోయెనే అన్నట్టు ఊరంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడే ఆటో వచ్చి ఆగింది. ఈశ్వరి రెండు సంచులతో దిగింది. బస్టాపులో కూర్చొని ఫోన్ చేసి చేసి, ఎవరో దొంగ దొరికినాడంటే, ఎందుకైనా మంచిదని చూడ్డానికొచ్చింది. యేసేపు మాత్రం దిగలేదు. అక్కడినుంచే అడిగినాడు —

"అట్లైతే నేను చూసిన పంచె ఎవురిదప్పా?"

అందరూ నవ్వినారు. మారుతికి కూడా ప్రాణం కుదుటపడింది. ఓబన్న చెయ్యి పట్టుకున్నాడు.

"నీ పుణ్యం అన్నా. నువ్వు మోటారు ఏసి ఆర్పుతాంటే నా డివైడర్లు మొదటికొస్తాండె. దాంతోనే ఈడ మనిషి ఉండాడని తెలిసె. లేకుంటే భయంతోనే సచ్చిపోదును."

ఓబన్న టార్చి దించినాడు.

"నేను మోటారేసిందెప్పుడు?"

"ఇంతసేపు... ఏసి ఏసి ఆర్పినావు గదా."

"నేను ఇంట్లో అన్నం తింటాంటి. నీ అరుపిని లేసొచ్చినా. చెయ్యి చూడు, ఇంగా కడుక్కోలే." ఓబన్న గొంతు తగ్గింది. "మోటారు యాడుందప్పా ఈడ? కాలిపోయింది. రివైండింగ్‌కని ఆదోనిలో ఇచ్చొచ్చినా. ఒట్టి కేబులే ఉంటే ఎత్తుకుపోతారని పరిగెత్తొస్తి."

టార్చీలన్నీ షెడ్డు వైపు తిరిగినాయి.

లోపల మగ్గాలు మోగుతున్నాయి. టక్... టక్... డబ్...

ధన్!

ముత్తమ్మ ఒక అడుగు వెనక్కేసింది. ఆమె వెనక ఊరంతా వేసింది. కాసేపటికి చూస్తే షెడ్డు ముందర మారుతి, ఈశ్వరి మిగిలినారు. ఆటో ఎప్పుడో పోయింది. సంచులు ముందే దిగినాయి, అదే మేలు.

"బస్సొచ్చే యాళైంది," అంది ఈశ్వరి మెల్లగా. "పెట్టె తెచ్చుకో పో."

"నువ్వు..."

"తలుపు పట్టుకుంటా. పో."

మారుతి పోయినాడు. గుంతల వైపు చూడకుండా పోయి, గోడకున్న ప్లగ్గు పీకినాడు. ఎర్ర లైట్లు ఆరిపోయినాయి. మూడు మగ్గాల మీది సుత్తులూ పెరికి, వైర్లతో సహా అన్నీ పెట్టెలోకి తోసి, మూత నొక్కి బయటపడినాడు. బండి కిక్కు కొట్టినాడు. ఒక్క కిక్కుకే స్టార్ట్ అయిందంట. అది కూడా ఆ రాత్రి వింతల్లో ఒకటే. ఈశ్వరి వెనక గొళ్ళెం పెట్టొచ్చి, సంచులతో ఎక్కింది.

బండిని కొట్టు కాడ వదిలి బస్టాండుకు పరుగెత్తితే బస్సు అందింది.

కిటికీ పక్క సీట్లో కూర్చొని, పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాక మారుతికి చెమట ఆరింది. ఆలోచించడం మొదలుపెట్టినాడు. ట్రాన్స్‌ఫార్మర్ ఒకటే గదా... ఓబన్నది కాకపోతే ఇంకెవరి మోటారో అయ్యుంటుంది. అంతే. అంతకంటే ఏముంది? ఆ మాటే ఈశ్వరికి చెప్పినాడు.

"అంతే అయ్యుంటుంది," అంది ఈశ్వరి. బస్సు ఆదోని రోడ్డెక్కింది. ఇళ్ళు అయిపోయినాయి. "అయినా, ఇంగో పెట్టె ఆడే వదిలేసొచ్చినావే. రేపు పనికి రాదా అది?"

"ఏ పెట్టె?"

"నువ్వు బండి స్టార్ట్ చేస్తాంటివి, నేను గొళ్ళెం పెడతాంటి. లోపల ఇంగా మోగతానే ఉండె గదా." కాస్త ఆగి, మెచ్చుకున్నట్టు అంది, "అది బాగా మోగుతాంది. ఒక్క దెబ్బ తప్పలే."

మారుతి మూత తీసి తడిమినాడు. క్లాక్. మూడు డివైడర్లు. మూడు సుత్తులు. ప్లగ్గు.

దూరంగా బస్సు లైట్ల వెలుగులో రేకు తలుపు కనపడింది. ఆయన నోరు తెరిచేలోపలే ఈశ్వరి లేచి నిలబడి, ముందుకు వంగి అరిచింది —

"డ్రైవరన్నా! ఆ షెడ్డు కాడ ఒక్క నిమిషం ఆపు. మా ఆయన వస్తువు లోపల ఉండిపోయింది!"

బస్సు నెమ్మదించింది...